విద్యార్థులు తీసే థ్రిల్లర్‌లో స్త్రీపురుషుల గురించి, సామాజిక వర్గాల గురించి ఉన్న మూసలను పాత్రల ద్వారా ఎలా చూపించాలి?

ఈ ప్రశ్న అడిగినవారు తమ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా పది నిమిషాల థ్రిల్లర్ తీస్తున్నామనీ, అందులో ఒంటరిగా ఉండే అమ్మాయి, వాచ్‌మన్, పోలీసు అధికారి ముఖ్య పాత్రలనీ, మూసలను ఎలా బద్దలు కొట్టారో రిపోర్టులో రెండు పేజీలు రాయాలనీ వివరించారు. నేను హైదరాబాదులో ఎడిటింగ్ పని చేస్తాను. ఒక మాస్ కమ్యూనికేషన్ కళాశాల విద్యార్థుల లఘుచిత్రాలకు చాలాకాలంగా చేదోడుగా ఉంటున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మూస అభిప్రాయం మీ పాత్రల మనసుల్లో ఎంతైనా ఉండవచ్చు, మీ కెమెరాలో మాత్రం ఉండకూడదు.

థ్రిల్లర్ అనుమానం మీద నడిచే కథ. చీకట్లో ఎవరు నిలబడితే ప్రేక్షకుడు జంకుతాడన్నదే దర్శకుడి పెట్టుబడి. రెండున్నర గంటల సినిమాకు ఆ అనుమానాన్ని కొద్దికొద్దిగా పోగుచేసే వ్యవధి ఉంటుంది, పది నిమిషాల చిత్రానికి ఉండదు. అందువల్ల విద్యార్థి దర్శకుడు ప్రేక్షకుడి బుర్రలో అప్పటికే ఉన్న అనుమానాన్ని అప్పు తెచ్చుకుంటాడు. లుంగీ కట్టినవాడు, గుట్కా నములుతున్నవాడు, పాతబస్తీ యాసలో మాట్లాడేవాడు, తనలో తాను గొణుక్కునేవాడు, వీరిలో ఎవరిని ఫ్రేములో నిలబెట్టినా మిగతా పని నేపథ్య సంగీతం చూసుకుంటుంది. చివరి నిమిషంలో హంతకుడు ఇంగ్లీషు మాట్లాడే పెద్దింటి కుర్రాడని తేల్చి, మూసను బద్దలు కొట్టామని చప్పట్లు కొట్టుకుంటారు. నేను దీన్ని ఒప్పుకోను. తొమ్మిది నిమిషాల పాటు ఒక మనిషిని దొంగలా చూపించి, చివర్లో ఒక్క డైలాగుతో నిర్దోషిగా వదిలేస్తే, చూసినవాడికి గుర్తుండేది ఆ తొమ్మిది నిమిషాలే.

కూకట్‌పల్లిలోని ఒక అపార్టుమెంటులో జరిగిన రాత్రి షూటింగ్ గురించి చెబితే నేననేది తేలికగా అర్థమవుతుంది. కథ మీ కథలాంటిదే. కరెంటు పోతుంది, ఫ్లాటులో ఒంటరిగా ఉన్న అమ్మాయికి మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడుతుంది, అనుమానం వాచ్‌మన్ మీదికి మళ్ళుతుంది. ఆ వేషం వేయవలసిన విద్యార్థి రాకపోవడంతో, ఆ అపార్టుమెంటు వాచ్‌మన్‌నే నిలబెట్టారు. శ్రీకాకుళం వైపు మనిషి. భార్యాపిల్లలతో సెల్లారులో మెట్ల కింది గదిలో ఉండేవాడు. ఆమె పైన ఫ్లాట్లలో అంట్లు తోమేది, ఇతను కార్లు తుడిచి, సంపులో నీళ్ళు చూసి మోటారు వేసి, రాత్రి గేటు దగ్గర మంచం వేసుకునేవాడు.

దర్శకుడైన కుర్రాడు అనుకున్న షాట్ ఇది: అమ్మాయి మెట్లు దిగి వస్తుంటే, వాచ్‌మన్ టార్చి వెలుగు నేరుగా ఆమె ముఖం మీద వేసి, రెప్ప వేయకుండా చూస్తూ నిలబడాలి. కెమెరాను నేల మీద పెట్టి, కింది నుంచి అతని గడ్డం మీద చిన్న ఎల్‌ఈడీ లైటు కొట్టించారు. రిహార్సల్‌లో ఎన్నిసార్లు చెప్పినా టార్చి వెలుగు ఆమె కాళ్ళ ముందరి మెట్టు మీదనే పడుతోంది. కుర్రాడు విసుక్కుంటే అతను, "మొకం మీద ఎలాగేస్తాను బాబూ? ఓనర్లు ఊరుకుంటారేటి? మెట్టు అగుపడాలనే కదా లైటేసేది" అన్నాడు. పోనీ, కొంచెం అనుమానంగా చూడన్నా అంటే, "ఎవుల్ని అనుమానించాల బాబూ?" అని నిజంగానే అడిగాడు. కొత్త మనుషుల మీద కన్నేసి ఉంచడమే జీతంగా బతుకుతున్న మనిషికి, అందరూ తన మీదనే కన్నేయాలన్నది ఆ షాటు ఉద్దేశమని తోచలేదు.

వేళ మించిపోతుండడంతో అతను చేసినట్టే షాటు తీసుకున్నారు. అతను రెండు మెట్లు ముందు పక్కగా నడుస్తూ, చేయి వెనక్కి పెట్టి ఆమె అడుగు పడే చోట వెలుగు వేస్తున్నాడు. ఎడిటింగ్ టేబుల్ మీద చూస్తే, ఆమె ముఖం పూర్తిగా చీకట్లో ఉంది, వెలుగులో చెప్పులు మాత్రమే కనిపిస్తున్నాయి. ఒకచోట ఆ పాదాలు ఆగిపోతాయి, ఒక మెట్టు వెనక్కి వేస్తాయి. దారి చూపిస్తున్న మనిషిని చూసి ఆమె భయపడి, తిరిగి పైకి పరుగెత్తుతుంది. అసలు ప్రమాదం ఉన్నది పైఅంతస్తులో! నేను చేసిందల్లా, పైఅంతస్తు తలుపు సందులోంచి తొంగిచూసే మనిషి షాటును చివరి నుంచి తీసి మొదట్లో పెట్టడం. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెబితే పదిహేను నిమిషాల ఉత్కంఠ దొరుకుతుందనీ, చెప్పకుండా పేలిస్తే దక్కేది కొన్ని క్షణాల ఉలిక్కిపాటేననీ ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా ట్రూఫోతో సంభాషణల్లో, థ్రిల్లర్లకు పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్ వివరించిన సూత్రమే ఇది. ఇప్పుడు వాచ్‌మన్‌ను అనుమానిస్తున్నది అమ్మాయి, ప్రేక్షకుడు కాదు. పైకి వెళ్ళవద్దని హాలులో కూర్చున్నవాళ్ళు లోలోపల అరుస్తుంటారు. ఆమె నమ్మిన మూసే ఆమెను ప్రమాదంలోకి తోస్తోంది.

స్త్రీ పాత్ర విషయంలోనూ పద్ధతి ఇదే. అదే స్క్రిప్టులో అమ్మాయి భయంతో డాబా మీదికి పరుగెత్తాలని రాసుకున్నారు. నటిస్తున్న విద్యార్థిని, "పక్క ఫ్లాటు తలుపు ఎందుకు కొట్టను?" అని అడిగింది. కొడితే కథ అయిపోతుందన్నాడు దర్శకుడు. అంటే కథ నడవాలంటే ఆమె తెలివితక్కువది కావాలన్నమాట. చివరికి ఆమె తలుపు కొట్టేటట్టే మార్చారు. తలుపు కంటిలో వెలుగు కనిపిస్తుంది, ఎవరో అడ్డం వచ్చినట్టు చీకటవుతుంది, మళ్ళీ వెలుగు వస్తుంది, తలుపు మాత్రం తెరుచుకోదు. అంతకుముందు లిఫ్టులో ఆ ఇంటావిడే, రాత్రిళ్ళు ఆ పిల్ల ఫ్లాటుకు ఎవరెవరో వస్తుంటారని మరొకావిడతో అనడం మనం విని ఉంటాం. ఒంటరిగా ఉండే ఆడపిల్ల గురించి మనకున్న మూస అభిప్రాయం అక్కడ పాత్రల్లో ఉంది, కథను నడుపుతోంది, పైగా అమ్మాయి తెలివితేటలకు ఏ లోటూ రాలేదు.

రిపోర్టుల గురించి నాకు పాత కోపం ఒకటి ఉంది. ప్రతి రిపోర్టులోనూ బ్రిటిష్ సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975లో 'స్క్రీన్' పత్రికలో రాసిన వ్యాసం ప్రస్తావన ఉంటుంది. సినిమా స్త్రీని పురుషుడి చూపుకు వస్తువుగా నిలబెడుతుందని ఆమె వాదించింది. ఆ పేరా రాసిన విద్యార్థి చిత్రంలోనే కెమెరా అమ్మాయి మడమల దగ్గర మొదలై మెల్లగా పైకి పాకుతుంది. సినిమా పరిశోధకురాలు కరోల్ క్లోవర్ 1987లో అమెరికా భయానక చిత్రాలను పరిశీలిస్తూ, అందరూ చచ్చాక చివరికి మిగిలే అమ్మాయి తరచుగా ఒద్దికైన పిల్లే అని చూపించింది. మన విద్యార్థుల చిత్రాల్లోనూ పబ్బుకు వెళ్ళిన స్నేహితురాలే ముందు చస్తుంది! షూటింగులో పనుల పంపకం కూడా అలాగే ఉంటుంది: అమ్మాయిలకు కాస్ట్యూములు, కంటిన్యుటీ (ఒక షాటుకూ మరో షాటుకూ దుస్తులూ వస్తువులూ మారిపోకుండా చూసే పని), అపార్టుమెంటు అసోసియేషన్ వాళ్ళను అనుమతి అడిగే పని, అబ్బాయిలకు కెమెరా. కెమెరా అమ్మాయి చేతిలో ఉన్న చిత్రాల్లో మడమల నుంచి మొదలయ్యే ఆ షాటు నాకింతవరకు కనబడలేదు. ఇంతకన్నా రుజువు నాకు అక్కర్లేదు.

సామాజిక మూసలలో మనవాళ్ళు ఆలోచించకుండా వాడేది యాస. ఎన్నో ఏళ్ళ పాటు మన తెరమీద రాయలసీమ యాస ఫ్యాక్షనిస్టుకు, తెలంగాణ యాస రౌడీకీ హాస్యగాడికీ దక్కాయి. ఇప్పుడు కథానాయకులే తెలంగాణ యాస మాట్లాడుతున్నా, విద్యార్థుల చిత్రాల్లో తాళం పగలగొట్టేవాడికి ఇంకా అదే యాస పెడుతున్నారు. 'స్టూవర్టుపురం దొంగ' అన్న డైలాగు కూడా పోలేదు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కకట్టింది. అలా ముద్ర పడిన ఎరుకల కుటుంబాలను తెచ్చి ఉంచిన సెటిల్‌మెంటే నేటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురం. ఆ చట్టం 1952లో రద్దయింది. పందొమ్మిదేళ్ళ విద్యార్థి రాసే స్క్రిప్టులో మాత్రం అది ఇంకా అమలులోనే ఉంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ప్రేక్షకుణ్ణి ఉలిక్కిపడేలా చేయడానికి అద్దం వెనక నుంచి దూకించడం, హంతకుడి చేతలకు కారణం దొరకనప్పుడు అతనికి ఏదో మానసిక వ్యాధి అంటగట్టడం కూడా ఇలాంటి సోమరితనమే. మానసిక వ్యాధి అని తేల్చిన మరుక్షణం మీ కథలో రహస్యం ఏమీ మిగలదు, అందుకైనా మానండి.

ఇక మీ పోలీసు అధికారి. ఆ పాత్రను స్త్రీగా మార్చాలనుకుంటున్నామని రాశారు. మార్చండి, కానీ పేరొక్కటే మార్చి, సిగరెట్టు అంటించి, నాలుగు బూతులు తిట్టిస్తే అది పాత మగ ఇన్‌స్పెక్టర్ వేషమే. ఆమె ఎస్‌ఐ అయితే పక్కనున్న హెడ్ కానిస్టేబుల్ ఆమె మాట ఎలా వింటాడో, ఫిర్యాదు చేయడానికి వచ్చిన అమ్మాయి తండ్రి ఆమెను వదిలి అతనితో ఎందుకు మాట్లాడతాడో చూపించండి. "అంత రాత్రి నీకు మెట్ల మీద ఏం పని?" అన్న ప్రశ్న ఆ ఎస్‌ఐ నోటి నుంచే వస్తే ఇంకా బాగుంటుంది, ఎందుకంటే ఆడవాళ్ళ గురించిన మూస అభిప్రాయాలు మగవాళ్ళ సొత్తు మాత్రమే కాదు. మా స్టేషన్ పరిధి కాదని తిప్పి పంపే సన్నివేశం రాసుకుని ఉంటే మాత్రం ఒకసారి చూసుకోండి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం, వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం (కాగ్నిజబుల్ నేరం) ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం నమోదు చేయాలి. ఆ ఎస్‌ఐకి ఈ సంగతి తెలిసి కూడా తిప్పి పంపిందని ప్రేక్షకుడికి అర్థమయ్యేలా తీయగలిగితే, ఆ పాత్రకు సిగరెట్టు అవసరం ఉండదు.

రిపోర్టులో 'బద్దలు కొట్టాం' అన్న శీర్షిక తీసేసి, ఏ పాత్ర ఎవరిని ఎందుకు అనుమానిస్తోంది, ఆ సంగతి ప్రేక్షకుడికి ఏ షాటులో తెలుస్తుంది అన్నవి వరుసగా రాసుకోండి. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగే ప్రశ్నలు దాదాపు అక్కడి నుంచే వస్తాయి.