చందాలు అడిగే ఉద్యోగం మా పాపకెందుకు అంటున్న ఒక నాన్నకి

కొత్తగూడెం నుంచి ఒక నాన్న రాసిన మెయిల్ ఇది, చాలా పెద్దది, అసలు ముక్కలు మాత్రం ఇక్కడ పెడుతున్నా.

"మేడం, మా పాప బీకాం అయిపోయింది. యుద్ధాలు జరిగే చోట్ల ఆసుపత్రులు నడిపే ఒక సంస్థ కోసం హైదరాబాద్‌లో చందాలు వసూలు చేసే పనిలో మూడు నెలల కింద చేరింది. మాల్ ముందు ట్యాబ్ పట్టుకుని నిలబడి వచ్చేపోయేవాళ్లని ఆపి అడుగుతుందంట. మా బావమరిది చూసొచ్చి చెప్పాడు, ఇంట్లో రెండ్రోజులు ఎవ్వరం సరిగ్గా అన్నం తినలేదు. ఎంబీఏ చెయ్యమంటే ఈ ఫీల్డే కావాలంటుంది. కన్సల్టెన్సీ వాళ్లేమో యూకేలో హ్యూమానిటేరియన్ స్టడీస్ అని ఏడాది కోర్సుంది, అది చేస్తే యూఎన్‌లో ఉద్యోగాలొస్తాయి అంటున్నారు. పాల్వంచలో ప్లాట్ ఉంది, అమ్మైనా పంపిస్తా. ఎంబీఏనా, సోషల్ వర్క్‌లో ఎంఎస్‌డబ్ల్యూనా, యూకేనా? రేపు సూడాన్‌కో గాజాకో పంపిస్తే మా గతేంటి?"

నమస్తే అండీ. మీ మెయిల్ మూడుసార్లు చదివా. మీరు మూడు కోర్సుల మధ్య తేడా అడిగారు కానీ మీ మనసులో ఉన్నది అది కాదు, బావమరిది చూశాడు అన్న లైన్ దగ్గరే మీ మెయిల్ అంతా ఆగిపోయింది. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, ఊరు మారుతుంది, ఉద్యోగం మారుతుంది, లోపల ఉన్న మాట మాత్రం ఒకటే, మన పిల్ల నలుగురి ముందు చెయ్యి చాపుతోంది, మన పరువు పోయింది అని. కాబట్టి ముందు దాని గురించే మాట్లాడుకుందాం.

మీది కొత్తగూడెం కాబట్టి మీకు బాగా తెలిసిన విషయమే గుర్తుచేస్తా. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదకి సల్వా జుడుం అనే సాయుధ దళాలు మొదలయ్యాక ఊళ్లకి ఊళ్లే ఖాళీ చేసి గుత్తికోయ ఆదివాసీలు మన ఉమ్మడి ఖమ్మం అడవుల్లోకి వచ్చిపడ్డారు కదా, రేషన్ కార్డు లేదు, రోడ్డు లేదు, పిల్లకి జ్వరమొస్తే మలేరియానా ఇంకోటా చెప్పేవాళ్లు లేరు. అప్పట్లో ఆ గుడిసెల దగ్గరికి మొబైల్ క్లినిక్‌లు నడిపినవాళ్లలో డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే సంస్థ ఒకటి, ఎంఎస్ఎఫ్ అంటారు. 1971లో పారిస్‌లో పుట్టింది, నైజీరియా అంతర్యుద్ధంలో బియాఫ్రా ఆకలి చావులు చూసొచ్చిన డాక్టర్లు కొందరు, జర్నలిస్టులు కొందరు కలిసి పెట్టారు, 1999లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మీ ఇంటికి ఒక పూట ప్రయాణం దూరంలో జరిగిన పని ఇది. యుద్ధం అంటే టీవీలో వేరే దేశం అనుకుంటాం గానీ మీ జిల్లాకి ఆనుకునే ఉండేది.

ఆ క్లినిక్‌లో మాత్రలకి డబ్బు ఎక్కడిది? ఎంఎస్ఎఫ్‌కి వచ్చే డబ్బులో 95 శాతానికి పైగా ప్రైవేటు విరాళాలే, అందులో ఎక్కువ భాగం మామూలు మనుషులు ఇచ్చేది. ఎందుకలా పెట్టుకున్నారంటే, గవర్నమెంట్ డబ్బు తీసుకుంటే గవర్నమెంట్ మాట వినాలి, యుద్ధంలో ఒక పక్షం గవర్నమెంట్ డబ్బుతో వచ్చిన డాక్టర్‌ని రెండో పక్షం వాళ్లు చెక్‌పోస్టు దాటనివ్వరు. 2016లో శరణార్థుల విషయంలో యూరప్ చేసుకున్న ఒప్పందం నచ్చక యూరోపియన్ యూనియన్ డబ్బు, ఆ దేశాల డబ్బు మాకొద్దని ఈ సంస్థ చెప్పేసింది. అంత మాట అనగలిగింది వెనకాల లక్షల మంది ఇచ్చే చిన్న చిన్న మొత్తాలు ఉన్నాయి కాబట్టే. ఆ చిన్న మొత్తాలు వాటంతట అవే రావండీ, ఎవరో ఒకరు మాల్ ముందు నిలబడి అడగాలి. మీ పాప చేస్తున్నది ఆ పని. దాన్ని అడుక్కోవడం అని మీరు రాశారు (ఆ లైన్ నేను పైన పెట్టలేదు, మీ అమ్మాయి ఎప్పుడైనా ఇది చదువుతుందేమో అని). వినాయక చవితికి రసీదు పుస్తకం పట్టుకుని గల్లీ అంతా తిరిగిన రోజు మీరు సిగ్గుపడ్డారా? పడి ఉండరు, ఎవరెంత ఇచ్చారో మైకులో చదివించి కూడా ఉంటారు. మరి పేగు తెగిన పిల్లాడి ఆపరేషన్‌కి రసీదు రాస్తే పరువెలా పోతుంది?

ఇది మనకి కొత్త కూడా కాదు. 1937లో జపాన్ చైనా మీద పడ్డాక, మనమే ఇంకా తెల్లోడి కింద ఉన్న రోజుల్లో, 1938లో సుభాష్ చంద్రబోస్ పిలుపు మీద ఇక్కడ చందాలు పోగుచేసి ఐదుగురు డాక్టర్లని చైనా పంపారు, వాళ్లలో షోలాపూర్ కుర్రాడు ద్వారకానాథ్ కోట్నిస్ అక్కడే 1942లో 32 ఏళ్లకి చనిపోయాడు, చైనావాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ ఐదుగురి పేర్లు చరిత్రలో ఉన్నాయి, ఊరూరా తిరిగి చందా అడిగినవాళ్ల పేర్లు లేవు.

ఇప్పుడు ఆ మాల్ పని గురించి ఉన్నదున్నట్టు చెప్తా, ఎందుకంటే మీ భయంలో కొంత నిజం కూడా ఉంది. ఎండలో నిలబడాలి, వంద మందిని ఆపితే తొంభై మంది చెయ్యి ఊపి వెళ్లిపోతారు, కొందరు నోటికొచ్చినట్టు మాట్లాడతారు. టార్గెట్లు ఉంటాయి. చాలా చోట్ల పిల్లల్ని తీసుకునేది అసలు సంస్థ కాదు, మధ్యలో ఒక ఏజెన్సీ, జీతం వాళ్లది, టీషర్టు మీద పేరు సంస్థది. నెలకి ఇంతమంది కొత్త దాతల్ని తేకపోతే తీసేస్తారు. నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయికి రెండు నెలల ఇన్సెంటివ్ ఎగ్గొట్టారు, ఆఫర్ లెటర్ చూస్తే ఆ మాటే రాసి లేదు. కాబట్టి మీరు పాపని అడగాల్సింది "నలుగురు చూస్తే ఏమనుకుంటారు" అని కాదు, "ఆఫర్ లెటర్ మీద ఎవరి పేరుంది, పీఎఫ్ కడుతున్నారా, టార్గెట్ అందకపోతే ఏం చేస్తారు, రాత్రి ఎన్నింటికి వదులుతారు" అని. తండ్రిగా మీరు అడగాల్సిన ప్రశ్నలు ఇవి, మూడు నెలల్లో ఒక్కటి కూడా అడగలేదు మీరు, మెయిల్‌లో ఆ సంస్థ పేరు కూడా మీకు సరిగ్గా తెలీదని అర్థమవుతోంది, ఏమనుకోకండి కానీ ఇది బాధ కలిగించింది నాకు.

అక్కడే జీవితాంతం ఉండిపోతుందా అంటే లేదు. ఏడాది, ఏడాదిన్నర బాగా చేసినవాళ్లు లోపలికి వెళ్తారు, దాతలతో మాట్లాడే టీమ్‌లోకి, పెద్ద విరాళాల వైపు, ప్రపోజల్స్ రాసే వైపు, లెక్కల వైపు. గుంటూరు అమ్మాయి ఒకామె నా దగ్గర సలహా తీసుకుని ఇలాగే మొదలుపెట్టింది, ఇప్పుడు చందా ఆగిపోయినవాళ్లకి ఫోన్ చేసే పని. ఒక రిటైర్డ్ టీచర్‌కి వరసగా రెండు నెలలు డెబిట్ బౌన్స్ అయింది, బ్యాంకు పెనాల్టీ కూడా పడింది, ఆయన కోపంగా ఆపేయమన్నాడు. ఈ అమ్మాయి సర్దిచెప్పడం మానేసి పెన్షన్ ఎప్పుడు పడుతుందండీ అని అడిగింది. 1వ తారీఖు డెబిట్‌ని 7కి మార్చి, మొత్తం సగానికి తగ్గించింది, పడిన పెనాల్టీకి సారీ చెప్పింది. ఆయన ఇప్పటికీ ఇస్తున్నాడట, తన ఫ్రెండ్స్ ఇద్దరిని కూడా చేర్చాడట. ఈ పనితనం ఏ కాలేజీలోనూ నేర్పరు, ఇది ఎక్కడికెళ్లినా అన్నం పెడుతుంది.

ఇక యూకే సంగతి. ఈ మధ్య ప్రతి కన్సల్టెన్సీ బ్రోచర్‌లో ఈ కోర్సు ఉంటోంది, నాకు దీని మీద చాలా అనుమానాలున్నాయి, దాచుకోను. ఈ రంగానికి పెద్ద డబ్బు అమెరికా నుంచి వచ్చేది, 2025 జనవరిలో ఒక్క సంతకంతో అది ఆపేశారు, జులై 1కి ఆ డబ్బు పంచే యూఎస్‌ఎయిడ్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ పనే ఆగిపోయింది. ప్రపంచమంతటా ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఉద్యోగాలు పోయి రోడ్డున పడ్డారు. బ్రిటన్ కూడా తన విదేశీ సహాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 2027కల్లా 0.3 శాతానికి దించుతానని 2025లోనే ప్రకటించింది, చదువయ్యాక అక్కడ ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే వీసా కూడా రెండేళ్ల నుంచి 18 నెలలకి తగ్గించేస్తున్నారు. అంటే ఏ దేశమైతే ఈ పనికి డబ్బు తగ్గిస్తోందో ఆ దేశానికే మీరు ప్లాట్ అమ్మి ఫీజు కట్టి, అనుభవం లేని పిల్లని, ఉద్యోగం పోయిన అనుభవజ్ఞుల పక్కన క్యూలో నిలబెడతారన్నమాట. కోర్సు చెడ్డదని అనట్లేదు, మూడు నాలుగేళ్లు పని చేసి, స్కాలర్‌షిప్‌తో వెళ్తే బాగా పనికొస్తుంది. డిగ్రీ కాగానే అప్పు చేసి వెళ్లడమే నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు. యూఎన్ ఉద్యోగం వస్తుంది అన్న మనిషిని ఆ మాట లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టమనండి, పెట్టడు.

అదే సమయంలో సూడాన్‌లో ఏం జరిగిందో చూడండి. 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలయ్యాక పెద్ద సంస్థలు చాలావరకు వెళ్లిపోతే, గల్లీ కుర్రాళ్లే ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్ అని పెట్టుకుని వంటశాలలు నడిపారు, క్లినిక్‌లకి మందులు మోశారు. అమెరికా డబ్బు ఆగగానే వెయ్యికి పైగా వంటశాలలు మూతపడ్డాయి. మిగిలినవి నడిచింది బయట దేశాల్లో ఉన్న సూడాన్ వాళ్లు ఫోన్ యాప్‌లో పంపిన డబ్బులతో, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఇచ్చిన పప్పు, జొన్నలతో. 2025లో వాళ్లకి రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు ఇచ్చారు. జనం దగ్గర నమ్మకం సంపాదించి డబ్బు పోగుచెయ్యడం, దానికి లెక్క చూపించడం తెలిసినవాళ్ల అవసరం ఇక ముందు పెరిగేదే. మీ పాప సరైన చోటే మొదలుపెట్టింది అని నేను అనేది అందుకే.

భద్రత గురించి. డబ్బు సేకరించే టీమ్ వాళ్లని ఎవరూ యుద్ధంలోకి తోసెయ్యరు, వాళ్ల ఆఫీసు హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఉంటుంది. ఫీల్డ్‌కి వెళ్లాలంటే తను అప్లై చెయ్యాలి, మామూలుగా కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతారు, ఇంటర్వ్యూలు ఉంటాయి, వద్దంటే వద్దనొచ్చు. ప్రమాదం లేదని మాత్రం అబద్ధం చెప్పను, 2024లో ప్రపంచం మొత్తం మీద 383 మంది సహాయ సిబ్బంది చనిపోయారని ఐక్యరాజ్యసమితి చెప్పింది, వాళ్లలో ఎక్కువమంది ఆ దేశం వాళ్లే, తమ సొంత జనం మధ్యే పని చేస్తున్నవాళ్లు. మీ పాప ఎప్పుడో వెళ్తానంటే అప్పుడు కూర్చుని మాట్లాడుకోండి, ఇప్పుడు మాల్ నుంచి గాజా దాకా మీరు ఊహించుకుని నిద్ర మానేయడం అనవసరం. ఇంకో మాట, ఫీల్డ్‌లో డాక్టర్లు, నర్సులే కాదు, అకౌంట్లు చూసేవాళ్లు, స్టోర్ చూసేవాళ్లు, జీతాలిచ్చేవాళ్లు కూడా కావాలి, బీకాం పిల్లకి అక్కడ నిజంగానే చోటుంది.

ఎంబీఏ, ఎంఎస్‌డబ్ల్యూ తేడా కూడా అడిగారు కదా, క్లుప్తంగా చెప్తా. ఎంబీఏ చేసి కంపెనీల సీఎస్ఆర్‌లోకి, అంటే లాభాల్లో కొంత సమాజానికి ఖర్చుపెట్టే విభాగంలోకి, వెళ్దామనుకుంటే, ఆ డబ్బు చట్టప్రకారం మన దేశంలోనే ఖర్చు పెట్టాలి, సూడాన్ ఆసుపత్రికి వెళ్లదు, తన కోరిక అదైతే ఆ దారి అక్కడికి పోదు. ఇక్కడ ట్రస్టు పెట్టి చందాలు వసూలు చేసి బయట దేశంలో ఖర్చు పెట్టాలన్నా ఇన్‌కమ్ ట్యాక్స్ రూల్స్ అడ్డమొస్తాయి, విదేశీ డబ్బు లోపలికి తేవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద అనుమతి ఉండాలి, అందులోనూ 2020 నుంచి ఆఫీసు ఖర్చులకి 20 శాతం దాటకూడదు. బీకాం పిల్ల ఈ రూల్స్ వంటబట్టించుకుంటే ఏ సంస్థైనా వదులుకోదు, నిజంగా. చదవాలనిపిస్తే రెండేళ్ల తర్వాత ఎంఎస్‌డబ్ల్యూ, హైదరాబాద్‌లోనే రోడా మిస్త్రీ కాలేజీ ఉంది, ఆరోగ్యం వైపు మనసుంటే పబ్లిక్ హెల్త్ నేర్పే ఐఐపీహెచ్ ఉంది. ఈలోపు సాయంత్రాలు ఫ్రెంచో అరబిక్కో మొదలుపెట్టమనండి, హైదరాబాద్‌లోనే ఉన్న భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో రెండూ నేర్పుతారు, ఫీల్డ్ ఉద్యోగాల్లో భాష వచ్చినవాళ్లకి ఉండే విలువ వేరు.

చివరిగా కొంచెం కఠినంగానే అంటున్నా. విదేశీ డిగ్రీ కోసం ప్లాట్ పోయినా పర్లేదు అన్నారు, సొంత జీతంతో హాస్టల్ ఫీజు కట్టుకుంటున్న పిల్లని చూసి మాత్రం అన్నం మానేశారు. బావమరిది చూసింది ఆమె ట్యాబ్ పట్టుకుని నిలబడటం ఒక్కటే, ఆయన పక్కకెళ్లి "ఏం చెప్తున్నావమ్మా" అని కూడా అడగలేదు, అడిగుంటే ఇంటికొచ్చి చెప్పే మాట వేరేగా ఉండేదేమో.

ఈ ఆదివారం మీరూ, మీ ఆవిడా బస్సెక్కి హైదరాబాద్ వెళ్లండి. ఆ మాల్ దగ్గర అరగంట పక్కన నిలబడండి, పాపకి మంచినీళ్ల బాటిల్ ఒకటి పట్టుకెళ్లండి, ఎండలో గొంతు ఆరిపోతుంది. డ్యూటీ అయ్యాక ఆఫర్ లెటర్ ఫోటో తీసి నాకు పంపండి, యజమాని ఎవరో, ఏం రాశారో చూసి చెప్తా. అప్పటిదాకా ప్లాట్ కాగితాల మీద సంతకం పెట్టకండి.