రమ్యకి, జీపు కింద దూరే ముందు

అమ్మలూ రమ్యా,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. "నీ మేనకోడలు జీపు క్లచ్ తనే మారుస్తుందట, మెకానిక్ వద్దట, నువ్వైనా చెప్పు అన్నయ్యా" అంది. చెప్పమంటే వద్దని చెప్పమని. నేను నవ్వేసరికి కోపమొచ్చి పెట్టేసింది. మీ తాత పానా పట్టి బతికాడు, నేనూ అంతే. నా కొడుకు కంప్యూటర్ల వైపు పోయాడు, ఇక ఈ పని మన ఇంట్లో నాతోనే సరి అనుకున్నాను. నువ్వు వేలంలో తుప్పుపట్టిన మహీంద్రా జీపు కొన్నప్పుడు నాలుగు రోజుల సరదా అనుకున్నాను గానీ, గేర్ బాక్స్ దించేదాకా వస్తావనుకోలేదు. సంతోషంగానే ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ముందు ఒక సంగతి. క్లచ్ పోయిందని ఎవరు తేల్చారు? లంబసింగి ఘాట్‌లో ఇంజన్ అరుస్తోంది గానీ బండి లాగట్లేదన్నావట. అది క్లచ్ జారడమే. కానీ పెడల్‌కి ఫ్రీ ప్లే లేకపోయినా అలాగే జారుతుంది. పెడల్‌ని చేత్తో నొక్కి చూడు. మొదటి అంగుళం ఊరికే, తేలిగ్గా కదలాలి. ఆ తర్వాతే బరువు తగలాలి. మొదట్నుంచే గట్టిగా ఉంటే, పెడల్ తొక్కినప్పుడే పనిచేయాల్సిన రిలీజ్ బేరింగ్, క్లచ్ ప్లేటుని అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు వేళ్లని ఎప్పుడూ నొక్కుతూనే ఉందని అర్థం. రాడ్ దగ్గర నట్టు తిప్పి సరిచేసి, ఒకసారి ఎత్తు ఎక్కించి చూడు. అప్పటికీ జారితే క్లచ్ ప్లేటు అరిగినట్టో, ఇంజన్ వెనక సీలు కారి ప్లేటుకి ఆయిల్ పట్టినట్టో. అప్పుడు విప్పక తప్పదు. ఘాట్‌లో ఎడమ కాలు క్లచ్ మీద ఆనించే ఉంచుతావు నువ్వు. పోయిన సంక్రాంతికి పక్క సీట్లో కూర్చుని చూశాను. పండగ పూట ఎందుకులే అని ఊరుకున్నాను. ఇప్పుడు అంటున్నాను, ఆ అలవాటు మానకపోతే కొత్త ప్లేటు కూడా పాతదాని దారే పడుతుంది.

బ్యాటరీ ఎర్త్ వైరు ఊడదీయడం, గేర్ ఆయిల్ దించడం, చక్రాల వైపు పోయే షాఫ్టుల ఫ్లాంజుల మీద, అంటే బోల్టులు పడే చివరి బిళ్లల మీద, సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవడం నీకు తెలిసినవే. షాఫ్టు చివర్లలో ఉండే క్రాస్ జాయింట్ల కప్పులు ఊడిపోకుండా టేపు చుట్టు. లోపలి సూదుల్లాంటి రోలర్లు మట్టిలో పడితే ఏరుకోవడానికే సాయంత్రమవుతుంది.

ఇక నా నిద్ర చెడగొట్టిన విషయం. మీ పెరడు వాలు. నూతి దగ్గర్నుంచి వీధి కాలువ దాకా వాన నీళ్లు వాటంతటవే పోతాయి, చిన్నప్పుడు కాగితం పడవలు వదిలేదానివి. జీపు ఉన్నది ఆ వాలు మీదే.

నర్సీపట్నంలో నేను పని నేర్చుకున్న షెడ్డు కూడా అలాంటి వాలు మీదే ఉండేది. చింతపల్లి సంతకి జనాన్నేసుకుని తిరిగే జీపులన్నీ క్లచ్‌కి మా దగ్గరికే వచ్చేవి. మా మేస్త్రి చెవి ఆనించి గేర్ బాక్స్‌లో ఏ బేరింగ్ పోయిందో చెప్పే మనిషి. ఆ రోజు ఒక జీపు గేర్ బాక్స్ దించుతున్నాడు. హ్యాండ్ బ్రేకు లాగాడు, ఫస్ట్ గేర్‌లో పెట్టాడు, వెనక చక్రానికి రాయి పెట్టించాడు. షాఫ్టులు రెండూ విప్పి కుర్రాడికిచ్చి, జాయింట్లు ఊడగొట్టమని తను కింద పడుకున్నాడు.

నీ మహీంద్రాకి మూలమైన పాత విల్లీస్ బాణీ జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదమ్మా. గేర్ బాక్స్‌కి ఆనుకుని, ముందు వెనక చక్రాలకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ ఉంటుంది, దాని వెనక చిన్న డ్రమ్ము ఉంటుంది, లివర్ లాగితే పట్టేది దాన్ని. చక్రాల్ని ఆపేది ఆ డ్రమ్ముకి బిగించిన షాఫ్టు. షాఫ్టు ఊడితే లివర్ ఎంత లాగినా దండగే. గేర్‌లో ఉంచినా అంతే, గేర్ బాక్స్‌కీ చక్రాలకీ మధ్య ఇంకేమీ ఉండదు. ఇది మేస్త్రికి తెలియదా? మాకు చెప్పిందే ఆయన. అందుకే రాయి పెట్టించాడు. కానీ ఒక్క రాయే పెట్టించాడు, దాని కాపలా ఎవరికీ అప్పగించలేదు.

కుర్రాడికి జాయింటు కొట్టడానికి కింద దిమ్మ కావాల్సి వచ్చింది. చుట్టూ చూశాడు. చక్రం కింద ఉన్న రాయే నున్నగా, చదునుగా కనబడింది. తీశాడు. బండి వెంటనే కదల్లేదు కూడా. వాడు ఆ రాయి మీద జాయింటు పెట్టి సుత్తితో రెండు మూడు దెబ్బలు కొట్టేదాకా అలాగే నిలబడింది. తర్వాత మెల్లగా వెనక్కి జారింది. గేర్ బాక్స్ కింద పెట్టిన జాకీ పక్కకి వాలింది, గేర్ బాక్సూ ట్రాన్స్‌ఫర్ కేసూ కలిసి మేస్త్రి ఛాతీ మీదికొచ్చాయి. నేను పక్కన డైనమో విప్పుతున్నాను. అరుపు కూడా వినబడలేదు, ఊపిరి పోయినట్టు ఒక మూలుగు. గ్రైండర్ దిమ్మకి టైరు తగిలి బండి ఆగింది కాబట్టి సరిపోయింది, లేకపోతే చక్రం ఆయన కాలి మీదికెక్కేదే. మూడు పక్కటెముకలు విరిగాయి. బతికాడు. మళ్లీ షెడ్డుకొచ్చాడు గానీ బండి కింద పడుకోలేదు, స్టూలు మీద కూర్చుని మాకు చెబుతూ చేయించేవాడు. కుర్రాణ్ణి ఒక్క మాట అనలేదు. వాడే పని మానేసి వెళ్లిపోయాడు.

అందుకని జీపుని పెరట్లో విప్పకు. ఇంటి ముందు వైపు గదులు కట్టినప్పుడు పోసిన సిమెంటు చప్టా ఉందిగా, అక్కడికి తోయించు. నాలుగు చక్రాలకీ రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టి, వాటికి ఎర్ర రంగు కొట్టు. ఇంట్లో ఎవరూ వాటిని ముట్టుకోకూడదని చెప్పు, మీ నాన్నకి ముఖ్యంగా. ఎక్కడ చెక్క కనబడితే అక్కడ తీసి మొక్కల దగ్గర పెట్టే అలవాటాయనకి. జాకీ ఎత్తడానికే, మోయడానికి స్టాండ్లుండాలి. ఇటుకలు పేర్చావని తెలిస్తే మాత్రం నేనే వచ్చి బండి తాళాలు పట్టుకుపోతాను.

గేర్ బాక్స్‌ని కింద మోసే అడ్డ కమ్మీ, క్రాస్ మెంబర్, తీసే ముందు ఇంజన్ వెనక భాగానికి చెక్క పెట్టి ఆసరా ఇవ్వు. లోపల ప్లేటు అరిగిన దుమ్ముంటుంది. దాన్ని గాలి కొట్టి ఊదకు, తడిగుడ్డతో తుడువు. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ వాడేవారు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. మా రోజుల్లో నోటితో ఊదేవాళ్లం, ఇప్పుడు మాలో సగంమందికి దగ్గు. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, సన్నని పగుళ్లు కనబడితే లేత్ షాపుకి పంపు. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బుష్ నాలుగూ కలిపి మార్చు, పాతవి సంచిలో వేసుకెళ్లి పక్కన పెట్టి చూసి మరీ కొను. రిలీజ్ బేరింగ్‌ని డీజిల్‌లో కడగొద్దు, లోపలి గ్రీజు పోతుంది.

ప్లేటు బిగించేటప్పుడు పొడుగు హబ్ సాధారణంగా గేర్ బాక్స్ వైపుంటుంది, అయినా కొత్త ప్లేటు మీద ఏం రాసుందో చదువు. ప్లేటుని సరిగ్గా మధ్యలో నిలపడానికి పాత గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ ఒకటి నా దగ్గరుంది, పంపిస్తాను. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించు. గేర్ బాక్స్ ఎక్కించేటప్పుడు బరువంతా ప్లేటు మీద వేలాడనీయకు, ప్లేటు వంగితే మళ్లీ మొదటికే. లోపలికి పోకపోతే బోల్టులు బిగించి లాగకు. గేర్‌లో వేసి, వెనక ఫ్లాంజ్‌ని చేత్తో కాస్త తిప్పు, పళ్లు కుదరగానే దానంతటదే లోపలికి జరుగుతుంది. ఆ జరిగే చప్పుడు విన్నావంటే నీకు ఈ పని పట్టుకుంటుంది, ఇక మీ అమ్మ ఎంత చెప్పినా వదలదు.

దించే రోజు ఆదివారం పెట్టుకో. తెల్లారే బస్సుకి వస్తాను. నా మోకాళ్లకి వంగే ఓపిక లేదు, కుర్చీ వేస్తే కూర్చుంటాను, అడిగితేనే మాట్లాడతాను. ఒక్కదానివే చెయ్యొద్దు. చున్నీ వద్దు, గాజులు తీసెయ్, జుట్టు ముడేసుకో. అమ్మ కోసం కాదు, షాఫ్టుకి చుట్టుకుంటుంది.

ఈ ఉత్తరంలో మేస్త్రి సంగతి మీ అమ్మకి చదివి వినిపించకు. అన్నయ్య సరేనన్నాడని మాత్రం చెప్పు.

మీ మామయ్య