లాగిన్ పెడితే సరిపోతుందా?

డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌కు లాగిన్ పెట్టాను, భద్రతకు ఇంకేం కావాలని అడిగారు. ముందు మీ డేటా ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదట్లోనే ‘ఎస్‌క్యూలైట్ ఫార్మాట్ 3’ (SQLite format 3; ఎస్‌క్యూలైట్ అంటే డేటానంతా ఒకే ఫైలులో దాచే డేటాబేస్) అని, కిందికి వెళితే ఖాతాదారుల పేర్లు కనిపిస్తే మీ లాగిన్ తెర ఉన్నా లేనట్టే.

కోఠీలో ఒక మందుల హోల్‌సేల్ దుకాణానికి బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. బిల్లు మార్చే అధికారం యజమాని పాస్‌వర్డ్‌కే ఉండేది. మూడు నెలలకు ఆయన ఫోను చేసి, “బాబూ, సరుకు తగ్గుతోంది, డబ్బు రావడం లేదు. మీ లెక్కలో తప్పుందేమో చూడండి” అన్నారు. రెండు రోజులు కోడంతా వెతికాను, తప్పు దొరకలేదు. చివరికి కాగితం నకళ్లు ముందేసుకుని సరిపోల్చాను. కాగితం మీద 4,860 ఉన్న బిల్లు కంప్యూటర్‌లో 1,860గా ఉంది. కౌంటర్‌లోని కుర్రాడు ఉచితంగా దొరికే ఒక టూల్‌తో డేటా ఫైలునే తెరిచి అంకె మార్చేశాడు. నా ప్రోగ్రామ్‌ను ముట్టుకోనే లేదు. అదే ఫైలులో ఇంకో టేబుల్‌లో (పట్టికలో) యజమాని పాస్‌వర్డ్ అక్షరాలా చదువుకునేలా ఉంది. పెద్దాయన నష్టం లెక్క వేస్తుంటే ఎదురుగా కూర్చోలేకపోయాను.

అమీర్‌పేట కోచింగ్‌లో నాకు నేర్పింది అదే: పాస్‌వర్డ్‌ను టేబుల్‌లో ఉన్నదున్నట్టు దాచి, టైపు చేసినదానితో పోల్చడం. పాస్‌వర్డ్‌ను తిరిగి చదవలేని రూపంలోకి మార్చి దాచే పద్ధతులు ఉన్నాయి: 1999 నుంచీ బీక్రిప్ట్ ఉంది, 2015లో అలాంటి పద్ధతుల పోటీలో గెలిచిన ఆర్గాన్2 ఉంది. వాటి పేరైనా ఎత్తకుండా పిల్లల దగ్గర ఫీజు ఎలా తీసుకుంటారు?

ఎస్‌క్యూలైట్ ఫైళ్లకు తాళం వేసే ఎస్‌క్యూఎల్‌సైఫర్‌తో ఫైలు మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చేయవచ్చు, అంటే తాళంచెవి (రహస్య కీ) లేకుండా చదవలేనట్టు మార్చవచ్చు. అయితే తాళంచెవిని కోడ్‌లో పెట్టకండి. డాట్‌నెట్‌లో (మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదికలో) రాసిన ప్రోగ్రామ్‌ను విప్పి చదవడం నిమిషాల పని. విండోస్ 2000 నుంచి విండోస్‌లోనే ఉన్న డీపీఏపీఐ అనే రక్షణ సదుపాయం ఆ తాళంచెవిని విండోస్ ఖాతాకు ముడివేస్తుంది. కానీ నేను చూసిన ప్రతి దుకాణంలోనూ అందరిదీ ఒకటే ఖాతా, అదీ అడ్మినిస్ట్రేటర్! అలాంటి చోట అది కూడా పనిచేయదు. పని సులువవుతుందని మనమే అలా అలవాటు చేశాం.

అందుకే కోఠీ దుకాణంలో డేటాబేస్‌ను కౌంటర్ నుంచి తీసేసి, మేడ మీద యజమాని గదిలోని కంప్యూటర్‌లోకి మార్చాను. కింద నుంచి కొత్త బిల్లు పంపవచ్చు, పాతదాన్ని తిరగరాయలేరు. తప్పు బిల్లు రద్దు చేయాలంటే కుర్రాళ్లు మెట్లెక్కి ఆయన దగ్గరికి వెళ్లాల్సిందే.