ఫ్లేవర్ మాయమైంది, డిస్పోజబుల్స్ మిగిలాయి: ఎందుకంటే

అమెరికాలో మీరు వేప్‌లో (ఈ-సిగరెట్‌లో) వాడే మామిడి లిక్విడ్ షాపులో కనబడట్లేదు, పక్కనే వాడి పారేసే రంగురంగుల వేప్‌లు, అంటే డిస్పోజబుల్స్, మాత్రం కుప్పలుగా ఉన్నాయి, ఇదేం చట్టం అని అడిగారు. చట్టం ఒకటేనండీ, అమలే రకరకాలు.

2016లో ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) వేప్‌లను పొగాకు ఉత్పత్తుల కింద చేర్చింది. అప్పటికే మార్కెట్లో ఉన్నవాటికి అమ్మకం అనుమతి కోసం దరఖాస్తు గడువు 2020 సెప్టెంబర్ 9. లక్షల ఉత్పత్తులకు దరఖాస్తులు పడ్డాయి, గట్టెక్కినవి బహు కొద్ది. 2021 అక్టోబర్‌లో మొదటగా పాసైన వ్యూజ్ సోలో అనే వేప్‌నే చూడండి: పొగాకు రుచికి సరే అన్నారు, అదే బ్రాండ్‌లో 10 ఫ్లేవర్లను అప్పుడే తిప్పికొట్టారు.

రాజకీయం ఎక్కడ దూరిందంటే, 2019 సెప్టెంబర్‌లో ట్రంప్ ప్రభుత్వం ఫ్లేవర్లన్నీ తీసేస్తామంది. ఎన్నికల ఏడాది మొదలయ్యేసరికి మెత్తబడింది. కొరడా కార్ట్రిడ్జ్‌ల (వేప్‌లో మార్చి పెట్టుకునే లిక్విడ్ గొట్టాల) ఫ్లేవర్ల మీదే పడింది, మెంథాల్ రుచినీ డిస్పోజబుల్స్‌నీ పక్కన పెట్టారు. జనం అటే మళ్లారు, మళ్లరా మరి! తర్వాత కొందరు, ఇది పొగాకు నుంచి తీసింది కాదంటూ, ల్యాబ్‌లో చేసిన నికోటిన్‌తో తప్పించుకోబోతే 2022లో కాంగ్రెస్ ఆ సందు మూసింది. అయినా సరుకు ఆగలేదు. మీరు చూసిన కుప్పలో ఎక్కువ భాగం అనుమతి లేనిదే అయ్యుంటుంది.

కొనేముందు ఎఫ్‌డీఏ సైట్‌లో అనుమతుల జాబితా చూడండి. బ్రాండ్ పేరు కలిస్తే చాలదు, రుచి, నికోటిన్ శాతం కూడా కలవాలి. మీ రాష్ట్రం రూల్ వేరుగా చూసుకోండి. మసాచుసెట్స్, కాలిఫోర్నియా లాంటి చోట్ల ఫ్లేవర్ల అమ్మకమే నిషేధం.