అట్రాసిటీ కేసులో సాక్షికి టెన్షన్ ఎక్కువైతే సాయం ఎక్కడ దొరుకుతుంది?

వాయిదా దగ్గరపడేకొద్దీ నిద్ర పట్టకపోవడం, జరిగిందంతా మళ్లీ కళ్ల ముందు కదలడం పిరికితనం కాదు. 2012లో అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్షింపేటలో అయిదుగురు దళితులను చంపినప్పుడు, చూసినవాళ్లు ఆ తర్వాతా ఆ ఊళ్లోనే బతకాలి కదా!

ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. మందులు కావాలంటే శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవండి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 15ఎ సెక్షన్ కింద సాక్షులకూ రక్షణ, ప్రయాణ ఖర్చులు ఇవ్వాలి. సాక్షి మహిళ అయితే తనకు నచ్చిన మనిషిని తోడు తెచ్చుకోవచ్చు, ఆ తోడు వచ్చినవాళ్ల ఛార్జీలూ ప్రభుత్వమే భరించాలి. నన్నడిగితే కౌన్సెలింగ్ కంటే ముందు ధైర్యమిచ్చేది ఆ తోడే. బెదిరింపులుంటే ఈ కేసులు విచారించే ప్రత్యేక కోర్టుకు రాతపూర్వకంగా చెప్పండి.