మార్లే వచ్చేసరికి యుద్ధం అయిపోయింది

అమ్మాయీ,

జింబాబ్వే మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. తెల్లవారి పాలన మీద పోరాడిన గెరిల్లాలు ఊళ్లలో తెల్లవార్లూ పాటలతో నడిపిన పుంగ్వే సభల భాగం బాగుంది. కోపం తెప్పించింది మొదటి పేరా. 1980 ఏప్రిల్‌లో స్వాతంత్ర్య వేడుకలో, రుఫారో స్టేడియంలో జమైకా గాయకుడు బాబ్ మార్లే పాడటంతో ఎత్తుకుని, సగం వ్యాసం ఆయనకే రాసిచ్చేశావు. ఆయనంటే నాకూ ప్రేమే. కానీ ఆయన వచ్చేసరికి యుద్ధం అయిపోయింది, జెండా మారుతోంది. యుద్ధం నడుస్తుండగా అక్కడే ఉండి పాడిన ఆ దేశపు గాయకుడు థామస్ మాప్‌ఫుమోకి దక్కినవి రెండు వాక్యాలు. వాటిలోనూ 'నిప్పులు చెరిగే గళం', 'పాటే తూటా'!

అసలు ఆ పాట ఎలా వినిపిస్తుందో రాయవేం? అక్కడి షోనా జనం పూర్వీకుల ఆత్మలను పిలవడానికి ఎంబిరా వాయిస్తారు. చెక్కపలకకు బిగించిన ఇనుప రేకులను వేళ్లతో మీటుతారు. మిషనరీలు దాన్ని దయ్యాల పనన్నారు. అంతవరకూ ఇంగ్లిష్ రాక్ పాటలు పాడిన మాప్‌ఫుమో 1970ల మొదట్లో మంగురా రాగి గని బ్యాండులో చేరాడు. అక్కడ గిటార్ తీగలను అరచేత్తో కాస్త నొక్కిపట్టి మీటితే ఎంబిరా పలికింది. కార్మికులు వింటున్నది తమ పెద్దల పూజలో విన్న నాదాన్నే. మాటలేమో షోనా సామెతల చాటున సాగేవి. తెల్ల సర్కారుకు అర్థమయ్యాక రేడియోలో ఆపేశారు, ఆయన్ను విచారణ లేకుండా జైల్లో పెట్టారు.

నేనూ ఒకప్పుడు ఇలాంటి వ్యాసం ఒక పత్రికకు ఇచ్చాను. అరిగిన క్యాసెట్‌ను వెనక్కి తిప్పి తిప్పి విని, గిటార్ ఎక్కడ ఆగుతోందో, డ్రమ్ము ఎక్కడ అందుకుంటోందో కాగితం మీద గీతలు గీసుకుని రాశాను. ఎడిటర్ ఆ పేరాలన్నీ కొట్టేసి నినాదాలు మాత్రం ఉంచాడు. పాఠకులకు సంగీతం అక్కర్లేదట. అచ్చులో చూసుకున్న రోజు అన్నం సహించలేదు. ఇప్పటికీ ఉద్యమ పాటల ప్రత్యేక సంచికలు తెరిచి చూడు. పాట మాటలుంటాయి, దరువు ఉండదు. దరువు లేకుండా జనం నోటికి పాట ఎలా ఎక్కిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

పుస్తకం ఎప్పుడు వేయాలని అడిగావు. దాని సంగతి తర్వాత. ముందు మాప్‌ఫుమో పాటలు తెచ్చుకుని, మాటలు వదిలేసి గిటార్ ఒక్కటే విను. వ్యాసాన్ని 1980తో ముగించకు. 1989లో ఆయన అవినీతి మీద పాడి స్వతంత్ర ప్రభుత్వానికీ కంటగింపయ్యాడు, చివరికి అమెరికా వెళ్లిపోయాడు. అదీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు