చదరపు వజ్రానికి ఉంగరం: డిజైను కంటే ముందు నాలుగు మూలల సంగతి చూడండి

మీరు 70 సెంట్ల (0.70 క్యారట్ల) ప్రిన్సెస్ కట్, అంటే చదరంగా కోసిన వజ్రం విడిగా కొన్నారు. దుకాణంలో నాలుగు సన్నని ప్రాంగులతో (రాయిని పట్టి ఉంచే లోహపు కొక్కేలతో) ఒకే రాయి ఉండే సాలిటేర్ ఉంగరం చూపించారనీ, ఇంట్లో పెద్దవాళ్ళు చుట్టూ చిన్న వజ్రాలు వచ్చే హేలో బాగుంటుందని అంటున్నారనీ, మీకు కాబోయే భార్య ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తారు కాబట్టి రోజంతా గ్లవ్స్ వేసుకోవలసి ఉంటుందనీ రాశారు. నా అభిప్రాయం ముందే చెబుతాను: రాయి అంచు చుట్టూ బంగారు పట్టీ వచ్చే బెజెల్ సెట్టింగ్ చేయించండి. అది ఆవిడకు నచ్చకపోతే నాలుగు మూలలనూ రెండు వైపుల నుంచి కప్పేలా, ఇంగ్లీషు వి అక్షరంలా మలిచిన ప్రాంగులు వేయించండి. మామూలు సన్నని ప్రాంగులు మాత్రం వద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పొరపాటు మా ఇంట్లో జరిగింది.

2012లో మా పెళ్ళికి నాకు 50 సెంట్ల ప్రిన్సెస్ కట్ ఉంగరం పెట్టారు. మూడేళ్ళ తర్వాత ఒక సాయంత్రం పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే ఉంగరానికి ఒక పోగు చిక్కుకుంది. పోగు విడదీసి వేలితో తడిమితే ఒక ప్రాంగు పైకి లేచి ఉంది, దాని పక్కన రాయి గరుకుగా తగిలింది. మరునాడు విజయవాడలో మా పుట్టింటివారికి తెలిసిన, రాళ్ళు పొదిగే ఆచారిగారి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన పదింతలు పెద్దదిగా చూపించే లూప్ నా చేతికిచ్చి చూడమన్నారు. మూల కొనలో గసగసం గింజంత కూడా లేని ముక్క విరిగిపోయి, ఆ చోటు పగిలిన గాజు అంచులా తెల్లగా కనిపించింది. వజ్రం విరుగుతుందని అప్పటివరకు నాకు ఎవరూ చెప్పలేదు. చాలా బాధపడ్డాను.

ఆచారిగారు చెప్పినదాన్ని బట్టీ, తర్వాత నేను తెలుసుకున్నదాన్ని బట్టీ విషయం ఇది. గట్టిదనాన్ని చెప్పే మోస్ కొలమానంలో వజ్రానిది 10, అంటే మరో వజ్రంతో తప్ప దాని మీద గీత పడదు. గీత పడకపోవడం వేరు, దెబ్బకు పగలకపోవడం వేరు. వజ్రం లోపల నాలుగు దిశల్లో తేలికగా చీలే తలాలు ఉంటాయి కాబట్టి, పలచగా సూదిగా ఉన్న చోట సరైన కోణంలో దెబ్బ తగిలితే ముక్క ఎగిరిపోతుంది. గుండ్రటి రాయికి మూలలే ఉండవు. ఆషర్, రేడియంట్ అనే ఇతర కట్‌లలో మూలలను కొద్దిగా కోసేసి ఉంచుతారు. ప్రిన్సెస్ కట్‌లో మాత్రం నాలుగు మూలలూ సూదిగానే ఉంటాయి, దాని అందమూ అదే. నా ఉంగరానికి వేసినవి గుండ్రటి రాయికి వేసే మామూలు ప్రాంగులు. అవి రాయిని పట్టుకున్నాయే కానీ కొనలను కప్పలేదు.

ఆచారిగారు ఉంగరంలో రాయిని పట్టుకునే పాత తల భాగం తీసేసి, మూలలను కప్పే వి ప్రాంగులతో కొత్తది కట్టారు. నేను ఎదురుగా కూర్చుని చూశాను. రాయి కూర్చునే గాడి కోసిన తర్వాత, మూల కొన వచ్చే చోట సన్నని డ్రిల్‌తో చిన్న గుంట చేశారు. ఎందుకని అడిగితే, "కొనకు లోహం తగలకూడదమ్మా, రెండు పక్కలూ ఆనుకుంటే చాలు, లేకపోతే బిగించేటప్పుడే విరుగుతుంది" అన్నారు. రాయిని మళ్ళీ సానబెట్టిస్తే బరువు తగ్గుతుందని, విరిగిన మూలను కొత్త ప్రాంగు కిందకు వచ్చేలా పెట్టారు. అప్పటి నుంచి ఆ ఉంగరం రోజూ నా వేలికి ఉంది, ఇంకే ఇబ్బందీ రాలేదు.

అయితే నేను ల్యాబ్‌లో పనిచేయను. ల్యాబ్‌లో శుభ్రతకు వాడే బ్లీచింగ్ ద్రావణాల్లోని క్లోరిన్ బంగారంలో కలిపిన ఇతర లోహాలను తింటుంది, సన్నని ప్రాంగులే ముందుగా బలహీనపడతాయి. ఎత్తుగా లేచిన ప్రాంగులు గ్లవ్స్‌ను చింపుతాయి కూడా. అందుకే మీకు ముందుగా బెజెల్ చెప్పాను. అసలు పనివేళల్లో ఉంగరం పెట్టుకోనిస్తారో లేదో ఆవిడను ఒకసారి అడగండి. తీసి పెట్టుకునే పరిస్థితి అయితే వి ప్రాంగులు సరిపోతాయి. ఏది చేయించినా రాయి వేలికి దగ్గరగా, తక్కువ ఎత్తులో కూర్చోవాలి. రాయిని ఏటవాలుగా తిప్పి, ఒక మూల వేలి కొసవైపు వచ్చేలా పెట్టే డిజైను చూడటానికి బాగుంటుంది కానీ ఆ మూలే అన్నిటికీ తగులుతుంది. మీ రాయి ఒక్కో వైపు సుమారు 5 మిల్లీమీటర్లు ఉంటుంది, మూల నుంచి మూలకు 7 వస్తుంది, కాబట్టి తిప్పితే పెద్దదిగా కనిపించే మాట నిజమే. నేనైతే ఆ ఆశకు పోను.

హేలో మూలలకు కొంత రక్షణ ఇస్తుంది, కాదనను. కానీ చుట్టూ ఉన్న చిన్న రాళ్ళ సందుల్లో గ్లవ్స్ పౌడరు, సబ్బు, నూనె చేరతాయి, ఆ రాళ్ళలో ఏదో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది.

పెద్దవాళ్ళు అడిగే మరో రెండు విషయాలు ఉంటాయి. వెనుక మూసేసిన క్లోజ్డ్ సెట్టింగ్ వద్దు. వజ్రానికి జిడ్డును పట్టుకునే గుణం ఉంది, చేత్తో అన్నం తినే ఇళ్ళలో నెయ్యీ నూనే లోపలికి చేరితే కడగడానికి దారి ఉండదు, మెరుపు పోతుంది. బెజెల్ అయినా అడుగు తెరిచే ఉంచమని చెప్పండి. ఇక 22 క్యారట్ల బంగారం మెత్తన, రోజూ పెట్టుకునే వజ్రపుటుంగరానికి 750 ముద్ర ఉన్న 18 క్యారట్లు మేలు. మా అత్తగారు కూడా మొదట ఒప్పుకోలేదు, నా ఉంగరం సంగతి చూశాక మా మరదలికి 18 క్యారట్లలోనే చేయించారు.

బెజెల్ కట్టడం కష్టమైన పని అని కూడా తెలుసుకోండి. చదరపు రాయి చుట్టూ పట్టీని నొక్కేటప్పుడు మూలల దగ్గరే ప్రమాదం, కాబట్టి ప్రిన్సెస్ కట్‌కు ఇంతకు ముందు బెజెల్ కట్టిన పనివారికే ఇవ్వండి. రాయి ఇచ్చే ముందు దుకాణంలోనే తూకం వేయించి, లూప్ కింద నాలుగు మూలలూ ఫోటో తీసుకోండి. రాయి అంచు మీద లేజరుతో చెక్కిన సర్టిఫికెట్ నంబరు ఉంటే సరిచూసుకోండి, ఎందుకంటే బెజెల్ కట్టాక ఆ నంబరు పట్టీ కింద దాగిపోవచ్చు. పొదిగేటప్పుడు రాయి విరిగితే బాధ్యత ఎవరిదో రసీదు మీద రాయించుకోండి. సర్టిఫికెట్‌లోని బొమ్మలో మూల దగ్గర ఫెదర్ అనే సన్నని పగులు గుర్తించి ఉంటే ఆ మాట పనివారికి ముందే చెప్పాలి.

ఉంగరం తీసుకునే రోజు పట్టుగుడ్డ ముక్క ఒకటి వెంట తీసుకువెళ్ళి, రాయి చుట్టూ మెల్లగా రుద్ది చూడండి. ఎక్కడైనా పోగు పట్టుకుంటే అక్కడికక్కడే సరిచేయించి తీసుకోండి.